అన్న వెనకాల నిలబడే పిల్లలు

ఇక్కడ ఇంతవరకు మంచి సంగతులే ఎక్కువగా రాసుకున్నాము. పాత ఇండ్లు, ఇంటిపేర్ల పుట్టుపూర్వాలు, ఉగాది బక్ష్యాలు, పెండ్లిండ్లలో అవ్వలు పాడే పాటలు. చదివేవాళ్ళు బెంగళూరు నుంచి డాలస్ దాకా ఉన్నారు, సంతోషమే. ఈసారి రాసేది అంత తీపిగా ఉండదు. మా సత్యనారాయణపేట అనే కాదు, బళ్ళారిలో ఏ పేట తీసుకున్నా పదహారు నుంచి ఇరవై రెండేండ్ల మధ్య మగపిల్లలు కొందరు గుంపులు కట్టి, ఒక అన్న పేరు చెప్పుకొని, రాత్రిపూట బైకుల మీద తిరిగి, ఒకరోజు ఎవరి తలో పగలగొట్టి స్టేషన్లో కూర్చుంటున్నారు. మన పెద్దల గురించి రాసుకునే చోట ఇదెందుకప్పా అని అడిగేవాళ్ళుంటారు. ఆ పిల్లల్లో మన ఇండ్ల పిల్లలు కూడా ఉన్నారు, అందుకు.

ఇట్లాంటి గలాటా ఒకటి జరిగిన మర్నాడు అరుగుల మీద మూడు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "సీమ రక్తమప్పా, ఊరుకుంటుందా". రెండు, "ఈ సినిమాలు చెడగొట్టినాయి". మూడు, "మావాడు మంచోడే, సావాసం చెడ్డది". ఈ మూడూ చెప్పుకున్నాక అందరికీ మనసు తేలికపడుతుంది. కాఫీ తాగి ఎవరిండ్లకు వాళ్ళు పోతారు.

మొదటి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మనలో చాలామంది దాన్ని కొంచెం గర్వంగా కూడా అంటారు. రక్తం సంగతి కాదది, జీతం సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీ వాళ్ళకు రాసిచ్చేనాటికి ఇక్కడ ఎనభైమంది దాకా పాళెగాళ్ళు ఉన్నారు. వాళ్ళ కింద కట్టుబడి బంట్లు వేలల్లో. కట్టుబడి అంటే ఇంత భూమి ఇస్తాము, పిలిచినప్పుడు కత్తి తీసుకొని రా అనే ఒప్పందం. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉండి పాళెగాళ్ళను అణచినాడు, కోటలు కూలగొట్టించినాడు, బంట్లను విడగొట్టించినాడు. మన్రోను మనవాళ్ళు దేవుడిలెక్క చెప్పుకుంటారు, ఆ కథలు ఇంకోసారి. ఇక్కడ చూడాల్సింది ఏమంటే, కత్తి తిప్పడం తప్ప వేరే పని నేర్వని మనుషులు వేలమంది ఒక్కసారిగా పని లేకుండా మిగిలినారు. వానలు సరిగా పడని దేశం. ఊర్లో బలమున్న రెడ్డో, కరణమో, ఇంకో పెద్దమనిషో ఆ చేతులను వాడుకోవడం మొదలుపెట్టినాడు. ఫ్యాక్షన్ పుట్టుక గురించి రాసినవాళ్ళు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ తర్వాత సారా కాంట్రాక్టులు, రోడ్డు కాంట్రాక్టులు, ఎలక్షన్లు వచ్చి చేరినాయి. వేటకొడవలికి తోడు నాటుబాంబు వచ్చింది.

అదే రక్తం ఉన్న మన చుట్టాలు బెంగళూరులో, పూణెలో, సింగపూరులో ఉన్నారు. ఒకరినొకరు నరుక్కోవడం లేదు కదా. 1953లో మద్రాసు రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు అదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరులో చేరింది. గీత గీసింది కాగితం మీద. వియ్యాలు, వ్యాపారాలు, పగలు కూడా గీత దాటి అట్లనే సాగినాయి. రక్తం మారలేదు. మారింది ఎక్కడెక్కడ ఏ పని దొరికింది, ఎవరు పెట్టి పోషించినారు అనేది.

ఇంకో సంగతి. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని చంపినారు. 2011 జనవరి 3న హైదరాబాదులో మద్దెలచెరువు సూరిని చంపినారు. ఈ రెండు పేర్లు మన ఇండ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఇద్దరి వెనకాల, వాళ్ళకు ముందున్న పెద్దల వెనకాల, జీపుల్లో నిలబడి పోయి తిరిగిరాని అనుచరులు ఎంతమంది? ఒక్క పేరు చెప్పండి చూద్దాం. నాయకుడికి విగ్రహమో సినిమానో దక్కుతుంది. అనుచరుడి భార్యకు మిషను మీద గుడ్డలు కుట్టే పని దక్కుతుంది. మన పిల్లలు కథ విన్నప్పుడు తమను నాయకుడి జాగాలో ఊహించుకుంటారు. వాళ్ళకు దొరికేది అనుచరుడి జాగా అని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

సినిమా సంగతి తొందరగా ముగిస్తాను. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. సుమోలు గాల్లోకి లేచినాయి, కొడవండ్లు మెరిసినాయి, సీమ మాట్లాడే తీరంతా బెదిరింపే అన్నట్టు దేశమంతా నమ్మింది. ఆ ముద్ర మనకు చేసిన చేటు తక్కువేమీ కాదు. కానీ ఆ సినిమాలు విశాఖపట్నంలోనూ ఆడినాయి, న్యూజెర్సీలోనూ ఆడినాయి. అక్కడ చూసినవాళ్ళందరూ కొడవలి పట్టలేదు. సినిమా మాటలు నేర్పుతుంది, మీసం తిప్పడం నేర్పుతుంది. పట్టుకొని నిలబడడానికి జీవితంలో ఇంకేమీ లేనివాడికే అది ప్రాణం మీదికి తెస్తుంది. 2016 ఆగస్టులో కోలారులో ఏం జరిగిందో గుర్తుంటుంది. తిరుపతి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, హీరోల అభిమానుల మధ్య మాటా మాటా పెరిగి, కత్తిపోటుకు చచ్చిపోయినాడు. వచ్చింది అవయవదానం గురించిన కార్యక్రమానికి! ఆ గొడవలో ఏ హీరోకైనా వెంట్రుక వాసి నష్టం జరిగిందా? "మా హీరో" అనే మాటలో "మా" అనేదే వాళ్ళకు కావాల్సింది. హీరో ఎవరైనా ఒకటే.

ఈ "మా" సంగతే అసలు సంగతి.

1927లో ఫ్రెడెరిక్ త్రాషర్ అనే ఆయన చికాగోలో 1,313 గ్యాంగులను చూసి ఒక పుస్తకం రాసినాడు. ఆయన చెప్పిన దాంట్లో నాకు నిలిచిపోయింది రెండు ముక్కలు. గ్యాంగు అనేది మొదట ఆటల గుంపుగానే పుడుతుంది, ఇంకో గుంపుతో కొట్లాట వచ్చినాక గట్టిపడుతుంది అని. రెండోది, ఊర్లో మధ్యమధ్య జాగాల్లో, అంటే ఇటు వ్యాపారమూ కాని అటు స్థిరపడిన కాపురాలూ కాని సందుల్లో, అది ఎక్కువగా పుడుతుంది అని. అక్కడివాళ్ళు ఎక్కువగా వలస వచ్చిన కుటుంబాల పిల్లలు. పోలండు నుంచి, ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. తల్లిదండ్రుల ఊరి పద్ధతులు పిల్లలకు పట్టవు, కొత్త ఊరు వాళ్ళను లోపలికి రానివ్వదు.

మన తెలుగులో సందు అంటే వీధీ అవుతుంది, రెండిటి నడుమ ఖాళీ కూడా అవుతుంది. మా పేట పిల్లలను చూడండి. ఇంట్లో తెలుగు, అది కూడా అనంతపురం వాళ్ళు నవ్వే తెలుగు. బడిలో కన్నడ, లేకుంటే అర్థంకాని ఇంగ్లీషు. బజారులో ఉర్దూ కలిసిన మాట. ఆంధ్రకు పోతే "మీరు కర్ణాటక వాళ్ళు", ఇక్కడ "మీరు తెలుగువాళ్ళు". చదువు వచ్చినవాడికి ఇది లాభమే, నాలుగు భాషలు వచ్చునని చెప్పుకొని ఉద్యోగం తెచ్చుకుంటాడు. ఎస్సెస్సెల్సీలో కన్నడ వ్యాకరణం దగ్గరో లెక్కల దగ్గరో ఆగిపోయినవాడికి మాత్రం ఏ భాషా ఇల్లు కాదు. వాడికి ఇల్లు ఆ సందు చివర బంకు దగ్గర నిలబడే నలుగురు.

చట్టం కూడా ఆ వయసులోనే వాడిని వదిలేస్తుంది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేండ్ల వరకే. పద్నాలుగు దాటినవాడు బడికి రాకపోతే ఎవరూ ఇంటికి వచ్చి అడగనక్కర లేదు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు ప్రమాదం లేని పనులకు పోవచ్చు అంటారు, కానీ పద్దెనిమిది నిండలేదని పద్ధతైన కంపెనీ వాడు గేటు లోపలికి రానివ్వడు. జీన్స్ కుట్టే యూనిట్లలో పీసుకింత అని పని దొరుకుతుంది, సీజను అయిపోతే అదీ ఉండదు. ఈ నాలుగేండ్లు వాడు ఏం చేయాలి? మన ఇండ్లలో ఆడపిల్ల సాయంత్రం ఆరింటికి రాకపోతే పది ఫోన్లు పోతాయి. మగపిల్లవాడు రాత్రి పదకొండుకు వచ్చినా "ఎక్కడికి పోయినావురా" అని ఒక్క మాట, జవాబు కూడా వినకుండా తలుపు వేసుకుంటాము. ఆడపిల్లల మీద కాపలా మరీ ఎక్కువ, మగపిల్లల మీద అసలు కన్నే లేదు. రెండూ తప్పే. ఈ రెండో తప్పు గురించి మనం మాట్లాడుకోము.

ఆ బంకు దగ్గరికి ఎవరో ఒక అన్న వస్తాడు. టీ ఇప్పిస్తాడు. పెట్రోలుకు రెండు వందలు ఇస్తాడు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ వేయిస్తాడు, దాంట్లో కింద వరుసలో వీడి ఫోటో కూడా ఉంటుంది, నల్ల కళ్ళద్దాలతో. పదహారేండ్లవాడి ఫోటో ఊరి మధ్యలో, జనం చూసే చోట! బడి ఏనాడైనా పెట్టిందా? ఇంట్లో మామయ్యలు వాడి మార్కులడిగి నవ్వుతారు. అన్న నవ్వడు. "ఏమప్పా తమ్ముడా" అంటాడు. వినాయక చవితికి చందాల పని అప్పజెప్తాడు. చందాల రసీదు పుస్తకం పట్టుకొని అంగడి అంగడికీ పోయి నిలబడితే, వ్యాపారస్తుడు మారుమాట లేకుండా తీసి ఇస్తాడు. భయపడే మొహాన్ని ఎదురుగా చూడడం వాడికి అదే మొదటిసారి. అది మత్తు లాంటిది.

మా ఊరికి 2003 తర్వాత ఇనుప ఖనిజం డబ్బు వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. చైనాలో ధర పెరిగింది, ఎర్రమట్టి బంగారమైంది. హోసపేట, సండూరు దోవల్లో రాత్రీ పగలూ లారీలు. డిగ్రీ రెండో సంవత్సరం వదిలేసి టిప్పర్లు నడిపినవాళ్ళు, తూకం దగ్గర కూర్చున్నవాళ్ళు, లారీల మీద సూపర్‌వైజర్లమని తిరిగినవాళ్ళు మన పేటల్లో ఇంటికొకరు. వాళ్ళ చేతుల్లో డబ్బు చూసి చదువుకునేవాడు వెర్రివాడు అనిపించింది. 2011 జూలైలో లోకాయుక్త సంతోష్ హెగ్డే గారి నివేదిక వచ్చింది. అదే నెల చివర్లో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనులన్నీ ఆపించింది. అడ్డగోలు తవ్వకం ఆగాల్సిందే, దాంట్లో రెండో మాట లేదు. కానీ ఆగస్టు నెలలో ఆ పిల్లలందరూ ఏమైనారు? లారీకి కట్టాల్సిన కంతులు మిగిలినాయి, ఆదాయం పోయింది. చదువు ఎప్పుడో పోయింది. ఖర్చు పెట్టే అలవాటు మాత్రం పోలేదు. మన్రో కాలంలో కట్టుబడి బంట్లకు ఏమైందో, రెండు వందల ఏండ్ల తర్వాత టిప్పరు పిల్లలకు అదే అయింది అని నాకనిపిస్తుంది. పెద్దవాళ్ళు కేసులకు లాయర్లను పెట్టుకున్నారు. చిన్నవాళ్ళకు మిగిలింది వడ్డీ వసూళ్ళు, జాగాల పంచాయితీలు, ఎలక్షనుకు ఎలక్షనుకు మధ్య ఖాళీగా నిలబడడం.

ఇప్పుడు మూడో మాట, సావాసం. నిజమే, సావాసం చెడ్డది. ఆ సావాసాన్ని మేపేది ఎవరు?

కష్టమైన మాట ఇక్కడే ఉంది, దూరాన ఉన్న బంధువులకు కూడా. మన ఇండ్లు చాలావాటికి ఇప్పుడు తాళాలు, లేకుంటే బాడుగలు. బాడుగవాడు ఖాళీ చేయడం లేదు. కోర్టుకు పోతే ఏండ్లు పడుతుంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన పెద్దమనిషి ఏం చేస్తాడు? ఎవరో చెప్తారు, "అన్నతో ఒకసారి మాట్లాడించండి, అయిపోతుంది" అని. అన్న వస్తాడా? రాడు. నలుగురు పిల్లలను పంపిస్తాడు. వాళ్ళు ఏమీ చేయరు, ఇంటి ముందర బైకులు ఆపుకొని నిలబడతారు, అంతే. బాడుగవాడు వారంలో ఖాళీ చేస్తాడు. పెద్దమనిషి కవరు ఇచ్చి విమానం ఎక్కుతాడు. అంగడి బాకీలకూ ఇదే, అన్నదమ్ముల పంపకాలకూ ఇదే. ఆ నలుగురిలో ఒకడు తర్వాత ఎక్కడో కత్తి తీసినాడని విన్నప్పుడు "కాలం చెడిపోయింది" అని ఫ్యామిలీ గ్రూపులో రాసేది కూడా ఆ పెద్దమనిషే. ఆ పిల్లలకు మొదటి జీతం ఇచ్చినవాళ్ళలో పద్ధతైన ఇండ్లవాళ్ళు ఉన్నారు. కాంట్రాక్టర్లు, నాయకులు ఆ తర్వాత.

చట్టం ఈ సంగతి ఎరగకపోలేదు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టంలో, పదహారు నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాడిలాగా విచారించే వీలుందని మనందరికీ తెలుసు, టీవీల్లో గంటల తరబడి చెప్పినారు. అదే చట్టంలో 83వ సెక్షను కూడా ఉంది. మైనరు పిల్లలను చట్టానికి విరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాళ్ళకు ఏడేండ్ల వరకు కఠిన కారాగారం, 5 లక్షల జరిమానా. ఈ సెక్షను పేరు మీలో ఎంతమంది విన్నారు? పద్దెనిమిది దాటిన పిల్లవాడి మీద కేసు పడితే వాడికి పాస్‌పోర్టు కష్టం, ప్రభుత్వ ఉద్యోగం కష్టం, పోలీసు క్లియరెన్సు అడిగే ఏ పనీ దొరకదు. ఆ తర్వాత వాడికి అన్న తప్ప గతి లేదు. అన్నకు కావాల్సిందీ అదే. రౌడీషీటు తెరిస్తే ఆ పేట నుంచి వాడిని తీసేసినట్టు మనం అనుకుంటాము. వాడిని అన్నకు రాసిచ్చినట్టవుతుంది.

మరి ఈ వయసు మగపిల్లలు ఒకచోట గుంపు కట్టడమే తప్పా? కాదు. ఆ వయసు గుంపు కట్టే వయసే. ఇదే బళ్ళారిలో 1886లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు సరసవినోదిని సభ పెట్టినారు. కోలాచలం శ్రీనివాసరావు గారిది సుమనోరమ సభ. ఇద్దరూ వకీళ్ళే. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. రెండు సభలున్న ఊర్లో పోటీ ఉండదా, పంతాలుండవా? ఉంటాయి. ఎవరి నాటకానికి జనం ఎక్కువ, ఎవరి పద్యానికి ఒన్స్‌మోరు ఎక్కువ అని. ఆ పంతంలో నుంచే బళ్ళారి రాఘవ వచ్చినాడు. ఆయన 1946లో పోయినాడు, ఊర్లో ఆయన పేరిట కళామందిరం ఇప్పటికీ ఉంది. గరిడీ మనెలు ఉండేవి, మట్టిలో కుస్తీ పట్టేవాళ్ళు, ఉస్తాదు చెప్పినదే మాట. ఆ రోజులు బంగారమని నేననను. సభల్లో ఎక్కువగా పై కులాలవాళ్ళే, గరిడీల్లో ఉస్తాదు చేతి దెబ్బలూ ఉండేవి. అయినా పదహారేండ్లవాడికి పోవడానికి ఒక జాగా, అక్కడ వాడికంటే పదేండ్లు పెద్దవాడు ఒకడు, వాడికి ఒక వేషం, పదిమంది ముందర నిలబడే ఒక రోజు ఉండేవి. ఆ జాగాలు ఒక్కొక్కటే కల్యాణమంటపాలైనాయి, కాంప్లెక్సులైనాయి. ఖాళీ అయిన కుర్చీలో అన్న కూర్చున్నాడు.

బోస్టన్‌లో 1990ల మొదట్లో కుర్రవాళ్ళ హత్యలు విపరీతంగా పెరిగితే, 1996లో పోలీసులు, చర్చివాళ్ళు, సమాజసేవ చేసేవాళ్ళు కలిసి గ్యాంగుల పిల్లలను పేరుపేరునా కూర్చోబెట్టి మాట్లాడినారు. తుపాకి పేలితే గుంపు మొత్తాన్ని పట్టుకుంటాము, మానేస్తానంటే చదువుకూ పనికీ దోవ చూపిస్తాము అని. తర్వాతి రెండు మూడేండ్లలో ఆ హత్యలు సగానికంటే ఎక్కువ తగ్గినాయి. మన పేట బోస్టన్ కాదు, ఇక్కడ తుపాకులు లేవు, దేవుడి దయ. కానీ అక్కడ పనిచేసింది పేరుపేరునా అనే మాట. మా పేటలో ప్రతి ఏడూ ఎస్సెస్సెల్సీ తప్పిన పిల్లలు ఎవరో ఆ సందులో ఉండేవాళ్ళకు తెలుసు. ఫలితాలు వచ్చిన వారంలో తర్వాతి పరీక్షకు పేరు నమోదు చేయించి, ఒక గదిలో కూర్చోబెట్టి, కన్నడ, లెక్కలు, ఇంగ్లీషు మూడూ చెప్పించడానికి ఎంత అవుతుంది? గుడి ఉత్సవానికి మనం పంపే చందాలో చిన్న ముక్క. తాళం వేసి ఉన్న ఇండ్లలో ఒకదాని ముందరి గది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిస్తే చాలు. రిటైరైన మాష్టార్లు మా పేటలోనే ఉన్నారు, టీవీ ముందర కూర్చొని.

చందాల సంగతి కూడా. వినాయకుడికి ఇవ్వండి, వద్దనను. కానీ రసీదు మీద ఎవరి పేరుంది, నిరుడు లెక్క ఎక్కడ, పుస్తకం పట్టుకొచ్చిన పిల్లవాడు ఏ క్లాసు అని అడగండి. ఇంకొకటి, ఇల్లు ఖాళీ చేయించాలంటే నోటీసు ఇచ్చి, లోక్ అదాలత్‌లో కూర్చొని, ఆలస్యమైతే ఆలస్యమని కోర్టు దోవలోనే పోండి. నాలుగేండ్లు పడుతుంది నిజమే. నలుగురు పిల్లలను ఇంటి ముందర నిలబెట్టడానికి కవరు మాత్రం ఇవ్వకండి. వాళ్ళలో ఒకడు మీ మేనత్త మనవడు కావచ్చు, మీరు గుర్తుపట్టి ఉండరు.

గది ఇచ్చేవాళ్ళు, పాఠం చెప్పేవాళ్ళు ఉంటే మన ఇంటి నంబరుకే ఫోను చేయండి. ఫలితాలు వచ్చేలోపు అయితే మేలు.